నీళ్ళకెదురు

నీలిమ ఫోనుకు నేను ఇంకా ఛార్జింగు పెడుతూనే ఉన్నాను. ఎందుకంటే చెప్పలేను. సాయంత్రం పాదులకు నీళ్ళు పోసినట్టు అదొక పని. ఆమె పోయి పదకొండు నెలలు దాటింది.

ఆదివారం పొద్దున ఆ ఫోను మోగింది. నది నీళ్ళ సంగతి చెప్పే మెసేజి. ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదువుతాను. పైన వానలు పడ్డాయి, డార్లింగ్ నదికి నీళ్ళొచ్చాయి, లౌత్ అనే ఊరు దాటి కిందికి వస్తున్నాయి అని ఉంది. ఆ మెసేజీలు వచ్చేట్టు పెట్టుకున్నది నీలిమే. సిడ్నీకి తొమ్మిది వందల కిలోమీటర్ల పైన, విల్కానియాకు ఎగువన, ఆ నది ఒడ్డున మేమిద్దరం రెండుసార్లు డేరా వేసుకుని ఉన్నాం. రెండుసార్లూ నది ఎండిపోయే ఉంది. మొదటిసారి ఆమె నదిలోకి దిగి నడిమధ్యన నిలబడి, "ఇదేంటండీ, అచ్చం మీ కాలవ చివర్లాగే ఉంది!" అని నవ్వింది. నీళ్ళొచ్చినప్పుడు మళ్ళీ వద్దామంది. సరే అన్నాను.

మాది కొమ్మమూరు కాలవ చివర. పై ఊళ్ళవాళ్ళు తడుపుకోగా మిగిలినవే మాకు. కాలవ తూముల మీద లస్కరు ఉండేవాడు. గేట్లు ఎత్తేదీ దించేదీ అతనే. వదిలాం అని అతను కబురు పంపితే మగవాళ్ళం పారలు భుజాన వేసుకుని కట్ట మీద పైకి నడిచేవాళ్ళం. నీళ్ళకెదురు పోవడం అనేవాళ్ళం దాన్ని. నేను ఊళ్ళో పదో తరగతి చదివి ఆ పనిలోనే పడ్డాను. నీలిమ నర్సింగు చదివింది. ఆమె వీసా మీద ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇల్లు సిడ్నీ శివార్లలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో. ఇంటికి దగ్గర్లోనే దోసకాయలు పండించే గాజు షెడ్లలో నా పని.

నీలిమ అస్థికలు పెరటి షెడ్డులో ఉన్నాయి. దహనం చేసినచోట ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా. మా వైపు అస్థికలు ఇంట్లోకి తీసుకురారు. బయట చెట్టుకు కట్టి ఉంచి, వీలు చూసుకుని పారే నీళ్ళలో కలుపుతారు. నేను గుడ్డ సంచీలో పెట్టి షెడ్డు దూలానికి కట్టాను, గడ్డి కోసే మిషను పైన. మా అమ్మాయి సింధుజ అది చూసిన రోజు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అమ్మని షెడ్‌లో పెట్టావా?"

"ఇంట్లోకి తేకూడదమ్మా."

"వై?"

నాకు అంతవరకే తెలుసు. ఆ తర్వాత ఆమె పెరట్లోకి రావడం మానేసింది.

జార్జెస్ నదిలో కలపమని అందరూ చెప్పారు. కారులో పావుగంట. చూద్దాం అన్నాను. పదకొండు నెలలూ అదే మాట అన్నాను. ఇక వచ్చే ఆదివారం ఫాల్గుణ బహుళ తదియ, సంవత్సరీకం. పంతులుగారు ఫోనులో నెమ్మదిగానే చెప్పారు. "ఏడాది దాటకూడదు శ్రీపతిగారూ. ఆదివారం లోపల నిమజ్జనం కావాలి. అది కాకుండా నేను మిమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టలేను."

ఆ పూటే నీలిమ ఫోనుకు మెసేజి వచ్చింది. నేను మ్యాపు పరిచి, లౌత్ నుంచి మేము డేరా వేసుకున్న చోటికి రోడ్డు వెంట వేలితో కొలిచాను. ఎండిన మట్టి మీద నీళ్ళు రోజుకు ఎంత నడుస్తాయో కాలవ చివరివాడికి ఒకరు చెప్పక్కర్లేదు. బుధవారానికి వస్తాయి. కలిపేసి శుక్రవారానికి ఇల్లు చేరొచ్చు.

సోమవారం చీకటితోనే లేచి సంచీ విప్పి కారులో ముందు సీట్లో పెట్టి బెల్టు పెట్టాను. సింధుజ నిద్రపోతోంది. ఆమెకు పందొమ్మిది, యూనిలో రెండో ఏడు. లేపలేదు. మా వైపు ఆడపిల్లలు ఈ పనులకు వెళ్ళరు, అదొక కారణం. చెబితే మాట్లాడాల్సి వస్తుంది, అది రెండోది. ఫ్రిజ్జు మీద చీటీ రాసి పెట్టాను. నాకు రాయడం వచ్చిన భాష తెలుగొక్కటే. ఆమెకు చదవడం రానిదీ అదే. నాకు తెలియని సంగతి కాదు. నైంగన్ దాటాక గుర్తొచ్చింది.

కారు నీలిమది. సీటు ఆమె ఎత్తుకు పెట్టి ఉంది. జరుపుకోలేదు. మోకాలు స్టీరింగు కింద రాసుకుంటూనే ఉంది దారంతా. డబ్బో వరకు పొలాలు, నైంగన్ వరకు కోసేసిన చేల మోళ్ళు, ఆ పైన ఎర్రమట్టి. రోడ్డు అంచున చచ్చిన కంగారూలు, వాటి మీద గద్దలు. కారు దగ్గరికొచ్చినా లేవవు, ఆఖరి క్షణంలో బరువుగా రెక్కలు విప్పుతాయి. మేకల గుంపు ఒకటి రోడ్డు దాటేదాకా ఆగాను. రాత్రికి కోబార్‌లో ఒక గది తీసుకున్నాను. అస్థికలు గదిలోకి తేకూడదు కనుక కారులోనే ఉంచి, కిటికీ తెర తీసి, కారు కనపడేట్టు మంచం జరుపుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నానికి చేరాను. నది ఒడ్డున పెద్ద తెల్లకాండం చెట్ల కింద నాలుగైదు డేరాలకు చోటు. ఒక పాత కారవాన్ తప్ప ఎవరూ లేరు. కిందికి దిగి చూశాను. నది అడుగున మట్టి పలకలు పలకలుగా విడిపోయి అంచులు పైకి లేచి ఉన్నాయి. పగుళ్ళలో నా చెయ్యి మణికట్టు దాకా దిగింది. ఆల్చిప్పలు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒక మడుగులో పచ్చటి నీళ్ళు, బండిచక్రమంత. అంతే నది.

డేరా వేశాను. సంచీని తక్కువ ఎత్తున్న కొమ్మకు కట్టాను. గ్యాసు స్టౌ మీద అన్నం పడేసి, ఎస్కీ అనే ఐసుపెట్టెలోంచి పెరుగు తీసి, గోంగూర పచ్చడితో తిన్నాను. రుచి తెలియలేదు. కొన్నాళ్ళుగా అంతే.

కారవాన్‌లోంచి ఒక ముసలాయన వచ్చాడు. పేరు కెవిన్. వెనకే ఒక చెవి తెగిన కుక్క. ఇక్కడి వాళ్ళ ఇంగ్లీషు నాకు సగమే అందుతుంది, అందినంతే రాస్తున్నాను. ఆయన చెట్టుకేసి చూశాడు.

"తిండి చెట్టుకు కట్టావేం? నక్కల భయమా? నా కుక్క ముసలిది, దానికి అందదులే."

"తిండి కాదు. నా భార్య," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, సంచీని చూశాడు. తలమీది టోపీ తీశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టుకున్నాడు. "నీళ్ళ కోసం వచ్చావా?"

"అవును. రేపొస్తాయి."

"రేపా? నీకెవరు చెప్పారు?"

మ్యాపు తెచ్చి చూపించాను. వేలితో ఎట్లా కొలిచానో కూడా చూపించాను. ఆయన నవ్వాడు. చెడ్డనవ్వు కాదు. ముప్పై ఏళ్ళు ఈ నది మీద గొర్రెల కంపెనీకి పంపులు నడిపాడట. చెప్పాక నాకు అర్థమైంది, మా లస్కరు లాంటివాడే. వంగి, కర్రపుల్లతో దుమ్ములో ఒక తిన్నని గీత గీశాడు. "ఇది నీ రోడ్డు." దాని మీద మెలికలు తిరిగిన పాము లాంటి గీత ఇంకొకటి గీశాడు. "ఇది నది. నువ్వు రోడ్డు కొలిచావు. నీళ్ళు రోడ్డు మీద రావు కదా మిత్రమా."

కాలవ తిన్నగా తవ్వుతారు. కాలవ పక్కన రోడ్డూ తిన్నగానే పోతుంది. యాభై ఏళ్ళొచ్చినా నా తలలో నీళ్ళు కట్ట వెంటే నడుస్తున్నాయి.

"ఎప్పుడొస్తాయి మరి?"

"శనివారం. అదృష్టముంటే శుక్రవారం రాత్రి."

శనివారం వస్తే ఆదివారానికి నేను సిడ్నీలో ఉండలేను. శుక్రవారం పొద్దున బయల్దేరితేనే సంవత్సరీకానికి అందుతాను. అప్పుడు ఈ సంచీ మళ్ళీ షెడ్డులోకే. అట్లా జరిగితే పంతులుగారు కూర్చోబెట్టరు. ఆలోచించాను. ఎటూ తోచలేదు. కుర్చీ వేసుకుని నదికేసి కూర్చున్నాను.

బుధవారం కెవిన్ టీ కప్పుతో నడిచొస్తూ చెట్టు దగ్గర ఆగి, "గుడ్ మార్నింగ్ మిస్సెస్," అని ముందుకొచ్చాడు. కుక్క కూడా ఆగింది. నాకు నవ్వు రావాల్సింది.

అక్కడ ఫోను పలకదు. అర కిలోమీటరు అవతల ఎత్తైన మట్టికట్ట ఉంది, దాని మీదకెక్కితే ఒక గీత సిగ్నలు. ఎక్కేసరికి పద్నాలుగు కాల్స్ వచ్చి ఉన్నాయి. సింధుజవి పది, రామ్మోహన్‌వి నాలుగు. రామ్మోహన్ మా పక్కింటాయన, కరీంనగర్ మనిషి, సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. ముందు అతనికే చేశాను.

"అన్నా! ఏడున్నవే నువ్వు? పిల్ల నీ చీటీ ఫొటో తీసి నాకు పంపింది. అంకుల్, వాట్ డజ్ దిస్ సే, అని. ఏం రాసినవే అన్నా నువ్వు? 'పని మీద పోతున్నా. పప్పు ఫ్రిజ్జులో ఉంది. గురువారం చెత్తడబ్బా బయట పెట్టు.' గంతేనా? ఇది నేను పిల్లకు ఏమని చదివి చెప్పాలె?"

"ఉన్నది చెప్పు."

"ఉన్నదే చెప్పిన. పప్పు ఉన్నదని చెప్పిన. ఈజ్ దట్ ఆల్ అంకుల్, అన్నది. ఇంకో రెండు ముక్కలు నేనే కలిపి చెప్దామనుకున్న. మనసొప్పలే."

"మంచి పని చేశావు."

"మంచి పని నేను చేసుడు కాదు. షెడ్డుల సంచి లేదంట. చూసింది పిల్ల. ఏడికి పోయినవో నాకు సమజైంది, నీలిమక్క చెప్తుండె ఆ నది ముచ్చట. ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. ఆ రోజు కొరివి ఎవరు పెట్టిన్రు?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మా దిక్కయితే కొరివి పెట్టినోళ్ళే బొక్కలు కలుపుతరు. మీ దిక్కు ఎట్లనో నాకు తెల్వదు."

మా దిక్కూ అంతే. ఆ మాట అతనికి చెప్పలేదు. "సిగ్నలు సరిగ్గా లేదు," అన్నాను. సిగ్నలు బాగానే ఉంది.

ఇక్కడ చితి ఉండదు. ఒక గది, ఒక తెర, గోడకు ఒక బటన్. ఎవరో ఒకరు నొక్కాలి. అక్కడి మనిషి నన్ను పిలిచి వేలితో చూపించాడు. నేను ఆ బటన్ చూశాను. ఆకుపచ్చది, చుట్టూ గీతలు పడి ఉన్నాయి, ఎంతమంది నొక్కారో. నా చెయ్యి లేవలేదు. భయం కాదు, ఏడుపు కాదు. చెయ్యి లేవలేదు, అంతే. అప్పుడు సింధుజ నన్ను దాటుకుని వచ్చి నొక్కింది. నొక్కి వేలు తియ్యలేదు. అక్కడి మనిషే మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుని తీశాడు.

ఆ బటన్‌ను నేను కొరివి అనుకోలేదు. అనుకోకూడదనుకున్నాను.

గురువారం మళ్ళీ కట్ట ఎక్కాను. సింధుజ ఒక్క రింగుకే ఎత్తింది.

"నాన్నా, ఆర్ యూ ఓకే?"

"ఆ."

"అన్నం తింటున్నావా?"

"ఆ. చెత్తడబ్బా బయట పెట్టావా?"

"పెట్టాను నాన్నా. బిన్ పెట్టాను. యూ టుక్ అమ్మా, నాకు చెప్పకుండా తీసుకెళ్ళిపోయావు. ఇప్పుడు నన్ను బిన్ గురించి అడుగుతున్నావా?"

"సంవత్సరీకం లోపల కలపాలి. పంతులుగారు చెప్పారు."

"నాకెందుకు చెప్పలేదు? ఐ వుడ్ హావ్ కమ్."

"మన వైపు ఆడపిల్లలు రారమ్మా."

"బటన్ నొక్కింది నేను," అంది తెలుగులోనే. గొంతు పెంచలేదు. "అప్పుడు ఆడపిల్లని కాదా?"

కట్ట కింద ముళ్ళపొదలో చిన్నపిట్టలు పదో పన్నెండో ఒకేచోట ముక్కులతో మట్టి గీకుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఫోను పెట్టేసింది.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను. నాకు సింధుజకూ మధ్య ఉన్నది షెడ్డు ఒక్కటే కాదు. నీలిమ పోయిన రోజు నైట్ డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంది. నేను మూడింటికి పని నుంచి వచ్చాను. పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఎండ మొహం మీద పడుతోందని తెర దించాను. చెప్పులు చేతిలో పట్టుకుని బయటికొచ్చాను. కుక్కరు పెడితే విజిల్‌కు లేస్తుందని గిన్నెలో వండాను. టీవీ పెట్టలేదు. కొళాయి సన్నగా తిప్పి గిన్నెలు తోమాను. రెండు గంటలు ఇంట్లో చప్పుడు లేకుండా చూశాను. ఐదింటికి సింధుజ వచ్చి, "అమ్మా, ఇంకా నిద్రేనా?" అంటూ లోపలికెళ్ళింది.

డాక్టర్లు తర్వాత చెప్పారు, నేను వచ్చేసరికే అయిపోయిందని. అది ఇద్దరం విన్నాం. దాని గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సాయంత్రం కెవిన్ వచ్చి రెండు గొర్రెమాంసం ముక్కలు కాల్చి ఒకటి నాకిచ్చాడు. నా పచ్చడి సీసాలో వేలు ముంచి నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నాడు. "పంపు డీజిలు దీనికన్నా నయం," అన్నాడు. అని ఇంకోసారి ముంచాడు. రేపు పొద్దున వెళ్ళిపోతున్నానని చెప్పాను. ఆయన చెట్టుకేసి చూశాడు. "ఆమె కూడానా?" అన్నాడు.

శుక్రవారం తెల్లారగానే డేరా విప్పాను. మేకులు కడిగి ఆరబెట్టి డేరా సంచీలో వేశాను. అస్థికలు కొమ్మ మీంచి దించి, ముందు సీట్లో పెట్టి, బెల్టు బిగించాను. తాళం తిప్పబోతుంటే కెవిన్ పాత ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చి అడ్డంగా ఆగింది. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"నీళ్ళు ఇంకా ముందే వస్తున్నాయి. పైన ఎనిమిది కిలోమీటర్లలో ఉన్నాయి. వెనకే రా."

వెళ్ళాను. కొంతదూరం కారులో, మిగతాది ఒడ్డు వెంట నడిచి. సంచీ కారులో వదిలేయబుద్ధి కాక చంకన పెట్టుకున్నాను. ముందు చప్పుడు వినిపించింది. ఎండుటాకులు నలిగే చప్పుడు. తర్వాత కనిపించింది. పెద్ద ప్రవాహమేమీ కాదు. గోధుమరంగు నాలుక ఒకటి, చెయ్యంత మందాన, ముందు నురగ, పుల్లలు, పేడ, బెరడు ముక్కలు నెట్టుకుంటూ వస్తోంది. పగులు దగ్గరకొస్తే ఆగుతుంది. పగులు తాగుతుంది. బుడగలు లేస్తాయి. నిండాక మళ్ళీ కదులుతుంది. పగుళ్ళలోంచి సాలీళ్ళు, జెర్రులు బయటపడి ముందు పరుగెడుతున్నాయి. వాటిని ఏరుకుంటూ తెల్లకొంగలు నీటిమొన ముందు వెనక్కి వెనక్కి నడుస్తున్నాయి.

నీళ్ళ పక్కనే నడిచాను. నా నడక కంటే బాగా నిదానం. రెండడుగులు వేసి ఆగాలి. కాలవ కట్ట మీద మేము ఇట్లాగే నడిచేవాళ్ళం. ఈ దేశమొచ్చాక నీళ్ళకెదురు రావడం ఇదే మొదలు.

కెవిన్ దూరంగా చెట్టుకింద ఆగిపోయాడు. చూడనట్టు కుక్క చెవి నిమురుతూ కూర్చున్నాడు.

అప్పుడు పని చాలా తేలిక. డబ్బా మూత తీసి వంచితే నిమిషం. పారే నీళ్ళే. ఏడాది దాటలేదు. ఇప్పుడు బయల్దేరితే రేపు రాత్రికి ఇల్లు, ఆదివారం పీట. పంతులుగారు అడిగితే అయిందండీ అంటాను. అన్నీ సరిపోతాయి. సంచీ ముడి విప్పాను. మూత మీద తెల్లకాగితం అంటించి ఉంది, దాని మీద నీలిమ పేరు టైపు చేసి ఉంది. దాని కింద, డబ్బా తీసుకున్నవాళ్ళ సంతకం. నేను ఆ రోజు కారులో కూర్చుని ఉన్నాను. లోపలికెళ్ళి తెచ్చింది సింధుజ. సంతకం ఆమెది.

మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నీళ్ళు నా చెప్పుల దాకా వచ్చాయి, చుట్టూ తిరిగి ముందుకు పోయాయి. మట్టివాసన, కుళ్ళిన ఆకుల వాసన. ఇట్లాంటి మొదటి నీళ్ళు మా ఊళ్ళో పొలానికి పెట్టరు. మొదటి నీళ్ళు కాలవను కడగడానికి. చేలోకి పోయే మడవ మూసేసి పోనిస్తాం. తేటపడ్డాకే తెరుస్తాం. ఎంత ఎండిపోయి ఉన్నా సరే, ఆగుతాం.

ముడి మళ్ళీ వేశాను.

మట్టికట్ట మీదకెక్కి ఫోను చేసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సింధుజ ఎత్తింది. వెనక యూనిలో పిల్లల సందడి వినపడుతోంది.

"సింధూ, నీళ్ళొచ్చాయి."

"అయిపోయిందా?" అంది. ఆమె ఊపిరి నాకు వినపడింది.

"లేదు. నువ్వు రా."

"వాట్?"

"కొరివి పెట్టింది నువ్వు. కలపాల్సిందీ నువ్వే. మన వైపు పద్ధతి అంతే. నిన్న నీకు అబద్ధం చెప్పాను."

పిల్లల సందడి తగ్గింది. ఎక్కడికో పక్కకు నడిచినట్టుంది.

"సండే ఎలా మరి? పంతులుగారు?"

"ఆదివారం ఇక్కడే. తెలిసింది చేద్దాం. ఫోనులో ఆయన్ని అడుగుతాను, మంత్రం చెప్తే చెప్తారు. లేకపోతే లేదు."

"ఇట్స్ లైక్, టెన్ అవర్స్ నాన్నా."

"పదకొండు. రామ్మోహన్ని తోడు తెచ్చుకో. చీకటి పడ్డాక నడపొద్దు, కంగారూలు అడ్డమొస్తాయి. రాత్రికి డబ్బోలో పడుకోండి. పెట్రోలు కోబార్‌లోనే నింపుకోవాలి, ఆ తర్వాత దొరకదు." ఇన్ని మాటలు నేను ఒక్కసారి మాట్లాడి ఎన్నాళ్ళయిందో. నోరు ఎండిపోయింది.

"నాన్నా." అక్కడితో ఆగి, మళ్ళీ అంది. "ఆ రోజు... నువ్వు అమ్మని ఎందుకు లేపలేదు?"

అడుగుతుందని పదకొండు నెలలుగా తెలుసు. అడిగాక ఏం చెప్పాలో మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"నిద్రపోతోందనుకున్నా. నైట్ చేసి వచ్చింది కదా. చప్పుడు చెయ్యకుండా ఉన్నా. కుక్కరు కూడా పెట్టలేదు."

"ఐ నో," అంది. "అన్నం గిన్నెలో ఉంది. ఐ సా ఇట్."

ఆమె ఆ గిన్నె చూసిందని నాకు తెలియదు.

"నేను వచ్చేదాకా నీళ్ళు ఉంటాయా?" అని అడిగింది చివరికి.

"పదిరోజులైనా పారతాయంటున్నాడు కెవిన్."

"కెవిన్ ఎవరు?"

"ఇక్కడి లస్కరు."

అదేంటో ఆమెకు తెలియదు. "ఓకే," అని పెట్టేసింది. కట్ట మీదే కూర్చున్నాను. గంటన్నరకు రామ్మోహన్ మెసేజి వచ్చింది, మాట రూపంలో. "అన్నా, బండి కడుతున్నం. పిల్ల గొడుగు, గంధం, కొబ్బరికాయ, అన్నీ పెట్టుకుంది. నేను ఇడ్లీపిండి తెస్తున్న. నువ్వు మాత్రం ఇంకో చీటీ రాసి మళ్ళెటన్న పోకు."

డేరా మళ్ళీ వేశాను. సంచీ మళ్ళీ అదే కొమ్మకు కట్టాను. కెవిన్ దాటిపోతూ, "వెల్కమ్ బ్యాక్ మిస్సెస్," అన్నాడు. నాతో ఏమీ అనలేదు.

నీళ్ళు మా చెట్ల కిందికి శుక్రవారం పొద్దుగూకేముందు వచ్చాయి. పచ్చటి మడుగును కలుపుకుని ముందుకు పోయాయి. తీరిగ్గా చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. దోమలు వచ్చాయి.

శనివారం పొద్దున లేచేసరికి నదికి ఆ చివర నుంచి ఈ చివరికి నీళ్ళున్నాయి. నురగ పోయింది, కానీ రంగు ఇంకా టీ రంగే. కాలవ దగ్గర చేసినట్టు ఒక పుల్ల తెచ్చి నీటి అంచున గుచ్చాను. గంటకు పుల్ల మునిగింది. ఇంకొకటి గుచ్చాను. చేటంత పక్షులు, పొడుగు ముక్కులవి, ఎక్కడినుంచో వచ్చి దిగాయి. నీళ్ళొచ్చిన కబురు వాటికి ఎవరు పంపారో.

మధ్యాహ్నం ముగ్గురికి బియ్యం కడిగాను. తర్వాత కెవిన్ గుర్తొచ్చి ఇంకో గుప్పెడు వేశాను. పప్పు నానబెట్టాను. చిన్న కుక్కరు తెచ్చుకున్నాను కానీ బయటికి తియ్యలేదు ఇన్నాళ్ళూ. తీసి, రబ్బరు చూసి, స్టౌ పక్కన పెట్టాను.

నీళ్ళు కుర్చీ కాళ్ళ దగ్గరికి వచ్చాయి. వెనక్కి జరుపుకున్నాను. దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచింది. దగ్గరికొచ్చాక చూస్తే పశువుల లారీ. వెళ్ళిపోయింది. దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది.

మూడో పుల్ల మునిగింది. కుర్చీ ఇంకొంచెం వెనక్కి జరిపాను. నదికేసి కాదు, ఈసారి రోడ్డుకేసి తిప్పి వేసుకున్నాను.